రిలీజ్ ఇచ్చినంత మాత్రాన పిన్ అవుతుందా?

ఈమధ్య ఒక గోదాము షెడ్డు డిజైన్‌ను సమీక్షించే పని నా దగ్గరికి వచ్చింది. ఆ ఫైలు తయారుచేసిన యువ ఇంజనీరు నన్ను మొట్టమొదట అడిగిన ప్రశ్న ఇది: "సార్, బ్రేసింగ్‌కు ట్రస్ అని ఇవ్వమంటారా, బీమ్‌గానే ఉంచి రెండు చివర్లా మూమెంట్లు రిలీజ్ చేయమంటారా?" బ్రేసింగ్ అంటే గాలికి కట్టడం పక్కకు ఒరగకుండా ఏటవాలుగా పెట్టే కడ్డీ, మూమెంటు అంటే వంచే బలం, రిలీజ్ అంటే మెంబరు చివర ఆ మూమెంటును వదిలేసి పిన్‌లాగా తిరగనివ్వడం. స్టాడ్ ప్రో అనే కట్టడాల లెక్కల ప్రోగ్రాం మీద పనిచేసే మన ఆఫీసుల్లో ఈ ప్రశ్న ఎప్పటినుంచో ఉన్నదే. దీనికి ఒక్కో సీనియర్ ఒక్కో జవాబు చెబుతారు. రెండూ ఒకటేనని కొందరంటారు. రిలీజ్ ఇవ్వడమే పద్ధతి అని కొందరు, ఏమీ ఇవ్వకుండా వదిలేసినా కొంప మునగదని ఇంకొందరు అంటారు. మూడు మాటల్లోనూ కొంత నిజం ఉంది కాబట్టే ఈ వాదన తెగడం లేదు.

నా అభిప్రాయం వేరు. ఆ ప్రశ్నలో తప్పు లేదు గానీ, అది రావలసిన సమయం కంటే చాలా ముందు వస్తోంది. గసెట్ ప్లేటు (బ్రేసింగ్‌ను కాలమ్‌కు కలిపే పలక) ఎంత, బోల్టులు ఎన్ని, యాంగిల్ (ఎల్ ఆకారపు కడ్డీ) ఏ కాలు మీద ఆనుతుంది, ఆ గీతలన్నీ ఎక్కడ కలుస్తాయి అని జాయింటును కాగితం మీద గీసుకున్న తరువాత రావలసిన ప్రశ్న, జాయింటు గురించి ఎవరూ ఆలోచించకముందే వస్తోంది. పిన్ అన్నది బ్రేసింగ్‌కు పుట్టుకతో వచ్చిన గుణం కాదు, ఇంజనీరు తీసుకునే నిర్ణయం. ఆ నిర్ణయాన్ని డ్రాయింగులోనూ, ఫ్యాబ్రికేషన్ షాపులోనూ నిలబెట్టకపోతే మోడల్‌లో నొక్కిన రిలీజ్ బటన్‌కు అర్థం లేదు. ఇక్కడ నేను వాదించదలచుకున్నది ఇదే.

ముందుగా ఆ అబ్బాయి ప్రశ్నకు నేరుగా జవాబు చెప్పాలి, ఎందుకంటే రెండూ ఒకటే అనడం సరికాదు. ట్రస్ అని ప్రకటించిన మెంబరు యాక్సియల్ బలాన్ని, అంటే పొడవు వెంట లాగే, నెట్టే బలాన్ని తప్ప మరి దేన్నీ మోయదు. దాని స్వంత బరువు చివరి నోడ్‌లకు (మోడల్‌లో గీతలు కలిసే బిందువులకు) పంపకమైపోతుంది, మధ్యలో వంపు కనిపించదు. రిలీజ్ ఇచ్చిన బీమ్ మెంబరులో చివర్ల మూమెంటు సున్నా అవుతుంది గానీ, స్వంత బరువు వల్ల మధ్యలో వచ్చే మూమెంటు మిగిలే ఉంటుంది. నిలువు బ్రేసింగ్‌లో ఈ తేడా స్వల్పం. పైకప్పు తలంలో అడ్డంగా పడుకున్న పొడవాటి యాంగిల్‌కు మాత్రం ఇదే ముఖ్యం, ఎందుకంటే అక్కడ సెక్షన్‌ను తేల్చేది చాలాసార్లు స్వంత బరువుకు వచ్చే ఆ కుంగుబాటే. రిలీజ్ ఇచ్చేటప్పుడు రెండు చివర్లా టోర్షన్‌ను (మెలితిప్పే బలాన్ని) కూడా వదిలేస్తే మెంబరు తన అక్షం చుట్టూ తానే ఊరికే తిరిగే యంత్రం అవుతుంది, ప్రోగ్రాం ఇన్‌స్టెబిలిటీ హెచ్చరిక ఇస్తుంది. ఎక్స్ బ్రేసింగ్ మధ్యలో, కర్ణాలు కలిసేచోట నోడ్ పెట్టి నాలుగు ముక్కల్నీ ట్రస్సులు చేస్తే ఆ నడిమి నోడ్‌ను తలానికి అడ్డంగా పట్టుకునేది ఏదీ ఉండదు, మళ్లీ అదే హెచ్చరిక. ఈ హెచ్చరికలను "వస్తుంటాయిలే" అని దాటవేయడం మనవాళ్లకు అలవాటైపోయింది. ప్రోగ్రాం అక్కడ ఒక బలహీనమైన స్ప్రింగును తనంతట తాను పెట్టుకుని లెక్క ముగిస్తుంది కాబట్టి ఫలితాలు చూడటానికి బాగానే ఉంటాయి. అందువల్ల ఆ హెచ్చరికకు మూలం ఎక్కడుందో వెదికే ఓపిక ఎవరికీ ఉండటం లేదు.

చిన్న మూమెంటు మీద పెద్ద వాదన

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఫిక్స్‌డ్‌గా, అంటే చివర్లు తిరగకుండా, వదిలేస్తే ఏమవుతుందో అంకెల్లో చూద్దాం. షెడ్డు పొడవు గోడలో 6 మీటర్ల వెడల్పు, 6 మీటర్ల ఎత్తు ఉన్న ఒక బే, అందులో ఐఎస్ఏ 75×75×6 యాంగిల్‌తో (75 మిల్లీమీటర్ల రెండు కాళ్లు, 6 మిల్లీమీటర్ల మందం) ఎక్స్ బ్రేసింగ్, గుణకాలు కలిపాక ఆ బే పైన 100 కిలోన్యూటన్ల గాలి బలం అనుకుందాం. కర్ణం పొడవు సుమారు 8.5 మీటర్లు. బలమంతా ఒక్క టెన్షన్ (లాగుడు) కర్ణమే తీసుకుంటే అందులో 141 కిలోన్యూటన్లు వస్తుంది. రెండు చివరి నోడ్‌లూ కర్ణంతో పోల్చితే ఒకే దిశలో వెయ్యో వంతు రేడియన్ తిరిగాయనుకుంటే, ఫిక్స్‌డ్ మోడల్‌లో యాంగిల్ చివర వచ్చే మూమెంటు సుమారు 0.065 కిలోన్యూటన్ మీటర్లు. దానివల్ల పుట్టే స్ట్రెస్ 8 మెగాపాస్కల్స్ కూడా ఉండదు. 250 మెగాపాస్కల్స్ ఉక్కులో అది లెక్కలోకి రాని మొత్తం. పిన్నా, ఫిక్స్‌డా అని మనం పోట్లాడుకునేది ఇంత చిన్న అంకె కోసం.

అదే యాంగిల్‌ను గసెట్ ప్లేటుకు ఒక్క కాలు మీదే బోల్టు వేస్తాం. బలం వచ్చేది ప్లేటు ముఖం మీదుగా, యాంగిల్ గురుత్వ రేఖ మాత్రం ఆ ముఖానికి 20.6 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది. 141 కిలోన్యూటన్లను ఆ దూరంతో గుణిస్తే 2.9 కిలోన్యూటన్ మీటర్లు, అంటే ఇందాకటి ఫిక్స్‌డ్ మూమెంటుకు 45 రెట్లు. ఎలాస్టిక్‌గా చూస్తే దాని స్ట్రెస్ ఒక్కటే 340 మెగాపాస్కల్స్ దాటుతుంది. ఈ మూమెంటు మోడల్‌లో ఎక్కడా కనబడదు. మనం గీసిన గీత గురుత్వ రేఖ మీదుగా నేరుగా నోడ్‌లోకి పోతుంది కాబట్టి, ట్రస్ ఇచ్చినా, రిలీజ్ ఇచ్చినా, ఫిక్స్‌డ్‌గా వదిలినా అది రాదు.

దీనర్థం యాంగిల్ తెగిపోతుందని కాదు. టెన్షన్‌లో ఉన్న మెంబరు లాగేకొద్దీ తానే సరళరేఖలోకి సర్దుకుంటుంది, చివర్లలో కొంత యీల్డ్ అవుతుంది, అంటే శాశ్వతంగా సాగుతుంది. మన ఉక్కు కట్టడాల కోడ్ ఐఎస్ 800:2007 ఈ సంగతిని షియర్ లాగ్ (బలం సెక్షన్ అంతటా సమంగా పాకకపోవడం) ద్వారా లెక్కలోకి తీసుకుని, తాకని కాలు బలాన్ని తగ్గించి పట్టుకుంటుంది. కంప్రెషన్‌లో (నొక్కుడులో) ఉన్న సింగిల్ యాంగిల్‌కైతే 7.5.1.2 క్లాజులో ఈక్వివలెంట్ స్లెండర్‌నెస్ (సన్నదనపు నిష్పత్తి) అని విడిగా ఒక సూత్రమే ఉంది. ఆ సూత్రంలో వాడే గుణకాలు రెండు విషయాల మీద ఆధారపడతాయి: చివర బోల్టు ఒకటా, రెండు లేక అంతకంటే ఎక్కువా అన్నది మొదటిది, గసెట్ ఫిక్స్‌డా, హింజ్‌డా అన్నది రెండోది. నేను చెబుతున్న మాటనే కోడ్ కూడా చెబుతోందని గమనించండి. జాయింటు ఎలా ఉందో తెలియకుండా ఆ బ్రేసింగ్ ఎంత మోస్తుందో చెప్పలేం. మోడల్‌లో రిలీజ్ ఇచ్చాను కాబట్టి పట్టికలోనూ హింజ్‌డ్ వరుసే తీసుకుంటాననడం చాలా ఫైళ్లలో చూస్తున్నాను. అనాలిసిస్‌లో మనం సౌకర్యం కోసం అనుకున్నది వేరు, ఆ ప్లేటు నిజంగా ఎంత గట్టిగా పట్టుకుంటుందన్నది వేరు. రెండూ ఒకే బటన్‌తో తేలవు.

లాగగలదు గానీ నెట్టగలదా

పై లెక్కలో బలమంతా ఒక్క కర్ణమే తీసుకుంటుందన్నాను. మోడల్‌లో రెండు కర్ణాలకూ రిలీజ్ ఇచ్చి ఊరుకుంటే ప్రోగ్రాం అలా అనుకోదు. రెంటికీ చెరి సగం పంచి, ఒకదానిలో 70.7 కిలోన్యూటన్ల టెన్షన్, రెండోదానిలో 70.7 కిలోన్యూటన్ల కంప్రెషన్ చూపిస్తుంది. నడుమ బోల్టు వేశాం కాబట్టి సగం పొడవే తీసుకున్నా, ఆ యాంగిల్ స్లెండర్‌నెస్ 290. సన్నని కడ్డీ నొక్కితే ఎప్పుడు వంగుతుందో చెప్పే ఆయిలర్ సూత్రం ప్రకారం అది 20 కిలోన్యూటన్ల దగ్గరే వంగిపోతుంది. గ్రాస్ సెక్షన్ యీల్డింగ్ లెక్కన టెన్షన్‌లో 197 కిలోన్యూటన్లు మోయగలిగిన ముక్క, నెట్టినప్పుడు అందులో పదో వంతుకే చేతులెత్తేస్తుంది. గాలి, భూకంపాల వల్ల మాత్రమే కంప్రెషన్ వచ్చే మెంబర్లకు కోడ్ ఇచ్చిన పరిమితి 250, కంప్రెషన్‌ను లెక్కలోకి తీసుకోని టై మెంబరుకు 350. కాబట్టి ఇలాంటి యాంగిల్‌ను తాడులాగా లాగడానికి మాత్రమే పనికొచ్చేదిగా చూడాలి.

ఇంతవరకూ చాలామందికి తెలుసు. తెలిసినవాళ్లు కూడా మరిచిపోయేది దాని తరువాతి మెట్టు. రెండు కర్ణాలూ పనిచేసే మోడల్‌లో గాలికి దిగువ వైపు కాలమ్‌లో 50 కిలోన్యూటన్ల కంప్రెషన్, ఎగువ వైపు కాలమ్‌లో 50 కిలోన్యూటన్ల టెన్షన్ వస్తాయి. టెన్షన్ కర్ణం ఒక్కటే పనిచేస్తే దిగువ కాలమ్‌లో 100, ఎగువ కాలమ్‌లో సున్నా. పునాది దగ్గర పైకి లాగే బలం మాత్రం రెండు మోడల్స్‌లోనూ 100 కిలోన్యూటన్లే. దాంతో రియాక్షన్ల (పునాది దగ్గరి బలాల) పట్టిక చూసినవాళ్లకు ఏమీ మారలేదనిపిస్తుంది. ఆ పట్టికలోనే షియర్ (అడ్డంగా తోసే బలం) వరుస చూడండి. మొదటి మోడల్‌లో రెండు పునాదులకూ 50 చొప్పున పంచుకున్న షియర్, రెండో మోడల్‌లో మొత్తం 100 ఒకే పునాది మీద పడుతుంది. అది కూడా ఏ పునాది? పైకి లేచిపోవాలని చూస్తున్నదే. కాలమ్ మీద కిందికి నొక్కే బలం లేదు కాబట్టి ఘర్షణ సాయం ఉండదు, యాంకర్ బోల్టులు టెన్షన్‌నూ షియర్‌నూ ఒకేసారి మోయాలి. బ్రేసింగ్‌ను ఎలా మోడల్ చేశామన్న సంగతి యాంగిల్ సైజు కంటే ఈ బోల్టుల మీద ఎక్కువ ప్రభావం చూపుతుంది. బ్రేసింగ్ డిజైన్ చేసినవాళ్లు, పునాది డిజైన్ చేసినవాళ్లు వేరు వేరు బల్లల దగ్గర కూర్చునే ఆఫీసుల్లో ఇది జారిపోవడం నేను చూశాను.

అందుకని కర్ణాలకు మెంబర్ టెన్షన్ (లాగుడు మాత్రమే మోసేది) అని ఇవ్వమంటారు, ఇవ్వాలి కూడా. కానీ అక్కడినుంచి లెక్క లీనియర్ కాదు. ప్రోగ్రాం ఒక్కో లోడ్ కేసుకూ విడివిడిగా కంప్రెషన్‌లోకి వెళ్లిన మెంబర్లను తీసేస్తూ మళ్లీ మళ్లీ లెక్క చేస్తుంది. అలా విడివిడిగా వచ్చిన ఫలితాలను లోడ్ కాంబినేషన్‌తో కూడితే, అది ఎన్నడూ ఉండని కట్టడానికి సంబంధించిన లెక్క అవుతుంది: ఒక కేసులో ఎడమ కర్ణం లేదు, మరో కేసులో కుడి కర్ణం లేదు, కూడికలో మాత్రం రెండూ ఉన్నాయి. స్టాడ్‌లో దీనికి రిపీట్ లోడ్ వాడాలి. అప్పుడు బలాలన్నీ ముందే కలిసి, ఆ కలయికకు ఏ కర్ణం నిలుస్తుందో తేలుతుంది. నేను సమీక్షించిన ఆ షెడ్డు ఫైలులో టెన్షన్ మెంబర్లు శ్రద్ధగా ఇచ్చారు, కాంబినేషన్లన్నీ మామూలు కూడికలే. నిజం చెప్పాలంటే ఆ కూడికల్లో కర్ణాల బలాలు చాలాచోట్ల అసలు కంటే ఎక్కువే వచ్చాయి, సమతౌల్యం కూడా చెడలేదు. ఈ పొరపాటు అంత సులభంగా దొరకకపోవడానికి కారణం అదే. తేడా కొట్టింది పైభాగం జరుగుదలలోనూ, కొన్ని కాలమ్‌లలోనూ.

ఇంకో చిక్కు కూడా ఉంది. అంతస్తుల ఫ్రేముల్లో డెడ్ లోడ్ కింద కాలమ్‌లు కొద్దిగా కుదించుకుంటాయి, దాంతో రెండు కర్ణాలూ కంప్రెషన్‌లోకి వెళ్తాయి, ప్రోగ్రాం రెంటినీ తీసేస్తుంది, ఫ్రేము ఒంటరిగా నిలబడలేక ఇన్‌స్టెబిలిటీ అంటుంది. సైటులో అయితే డెడ్ లోడ్ చాలావరకు పడ్డాకే బ్రేసింగ్ బోల్టులు బిగిస్తారు, ఆ కంప్రెషన్ యాంగిల్ దాకా రానే రాదు. కట్టే క్రమాన్ని పట్టించుకోని మోడల్‌తో వచ్చిన సమస్య ఇది. సాప్ 2000, ఈట్యాబ్స్ అనే ఇతర ప్రోగ్రాంలలో టెన్షన్, కంప్రెషన్ లిమిట్లు నాన్‌లీనియర్ కేసులోనే పనిచేస్తాయి. లిమిట్ ఇచ్చి లీనియర్ కేసు నడిపితే, ఇచ్చినట్టూ ఉంటుంది, లేనట్టూ ఉంటుంది. భూకంపానికి చేసే రెస్పాన్స్ స్పెక్ట్రమ్ లెక్కకు ఇవేవీ పనికిరావు, అక్కడ ఒక్కో బేలో ఒక్క కర్ణాన్నే ఉంచి నడపడం మంచిదని నా అభిప్రాయం. రెండూ ఉంచితే స్టిఫ్‌నెస్ రెట్టింపవుతుంది, ఫ్రేము పీరియడ్ (ఒక్క ఊగుకు పట్టే సమయం) అసలు ఉండవలసిన దానిలో 0.7 వంతుకు పడిపోతుంది. అలాంటి పలుచని యాంగిల్స్‌తో భూకంపాల కోడ్ ఐఎస్ 1893:2016లోని ఆర్డినరీ బ్రేస్డ్ ఫ్రేమ్ ఆర్ విలువ (భూకంప బలాన్ని ఎంత తగ్గించవచ్చో చెప్పే గుణకం) 4 తీసుకోవడం మరీ అన్యాయం. ఆ తరగతికి ఐఎస్ 800 పెట్టిన స్లెండర్‌నెస్ పరిమితి 120. షెడ్డులో గాలే పైచేయి కాబట్టి ఏమీ కాదులే అనుకోవచ్చు గానీ, అర్హత లేని విలువను ఫైలులో రాయడం నాకు నచ్చదు.

పిన్ అనుకున్నవాళ్ల పక్షాన

ఈ వాదనకు బలమైన అభ్యంతరం ఒకటి ఉంది, దాన్ని దాటవేయలేను. పంతొమ్మిదో శతాబ్దంలో అమెరికా వంతెనల్లో ట్రస్ జాయింట్లకు నిజంగానే గుండ్రటి ఉక్కు పిన్నులు ఉండేవి, ఐబార్లనే కడ్డీల చివరి కన్నాల్లోంచి దూర్చేవారు. యూరప్‌లో రివెట్లు వేసేవారు, లెక్క మాత్రం పిన్ అనే కట్టేవారు. రివెట్ జాయింటు తిరగదు కదా, మరి ఆ మూమెంట్ల మాటేమిటని జర్మనీలో మాండెర్లా, మోర్ వంటివారు 1880 దరిదాపుల నుంచి సెకండరీ స్ట్రెస్‌ల లెక్కలు మొదలుపెట్టారు. అవి చేతితో చేయడం అసాధ్యమనిపించేంత పెద్ద లెక్కలు. అయినా రివెట్ల ట్రస్సులు నిలబడ్డాయి. రాజమండ్రి దగ్గర గోదావరి మీద 1900లో రైళ్లకు తెరిచిన హేవ్‌లాక్ వంతెన 1997 దాకా పనిచేసింది. మా గురువు తరం ఇంజనీర్లు ఇదే చెబుతారు: పిన్ అనుకుని లెక్కగట్టు, ఉక్కుకు సాగే గుణం ఉంది, మిగతాది అదే సర్దుకుంటుంది. దీనికి లోయర్ బౌండ్ సిద్ధాంతం అండ కూడా ఉంది. సమతౌల్యం తప్పకుండా, ఎక్కడా యీల్డ్ దాటకుండా బలాల పంపకం ఒకటి చూపగలిగితే, కట్టడం కనీసం అంత బలం మోస్తుంది.

నేను దీన్ని ఒప్పుకుంటాను, కానీ రెండు షరతులతో. ఆ సిద్ధాంతం సాగే ఉక్కుకు వర్తిస్తుంది, బక్లింగ్‌కు వర్తించదు. నెట్టినప్పుడు వంగిపోయే బ్రేసింగ్‌కు ఆ అభయం లేదు. రెండోది, ఆ పాత ట్రస్సులు పిన్ లెక్కతో నిలవడానికి కారణం మెంబర్లు సన్నగా, పొడవుగా ఉండటం, వాటి గురుత్వ రేఖలన్నీ ఒకే బిందువులో కలిసేలా డ్రాయింగు గీసినవాళ్లు పట్టుబట్టడం. పిన్ అన్న ఊహకు అసలు ప్రాణం ఆ బిందువులో ఉంది. జాయింటు తిరిగిందా లేదా అన్నది దాని తరువాతి మాట. ఇవాళ మనం రిలీజ్‌ను మాత్రం మిగుల్చుకుని, ఆ బిందువును వదిలేశాం.

దీనికి ఉదాహరణ ప్రతి షెడ్డులోనూ దొరుకుతుంది. మోడల్‌లో గోడ బ్రేసింగ్ కాలమ్ నడి గీతకు తగులుతుంది. సైటులో గోడకు దగ్గరగా ఉండాలని దాన్ని బయటి ఫ్లాంజ్ (ఐ ఆకారపు కాలమ్ అంచు పలక) వైపుకు, 150 మిల్లీమీటర్లు జరిపి కడతారు. మన 100 కిలోన్యూటన్ల నిలువు భాగం కాలమ్‌కు 15 కిలోన్యూటన్ మీటర్ల మూమెంటు ఇస్తుంది. అడ్డు భాగం అంతే టార్క్‌తో కాలమ్‌ను దాని అక్షం చుట్టూ మెలితిప్పాలని చూస్తుంది. ఈవ్ స్ట్రట్ (చూరు దగ్గర కాలమ్‌లను కలిపే అడ్డ కడ్డీ) కూడా అదే తలంలో ఉంటే పై చివర ఆ మెలిక సర్దుకుంటుంది. స్ట్రట్ నడి గీత మీద, బ్రేసింగ్ ఫ్లాంజ్ దగ్గర ఉంటే, ఐ సెక్షన్‌కు అన్నిటికంటే చేతకాని పనిని మనం దానికి అప్పగించినట్టే. యాంగిల్ చివర 0.065 కోసం వాదించుకుంటూ, కాలమ్‌లో ఈ 15ను చూడకపోవడం నన్ను బాధపెడుతుంది.

గసెట్ దగ్గర తేలేది

హైదరాబాద్‌లో అమెరికా ప్రాజెక్టులకు స్టీల్ డీటెయిలింగ్ (షాపు డ్రాయింగులు గీయడం) చేసే ఆఫీసులు చాలా ఉన్నాయి. అక్కడ పనిచేసే మిత్రులతో మాట్లాడినప్పుడు ఒక సంగతి స్పష్టంగా తెలిసింది. డీటెయిలర్ మొదట అడిగేది వర్క్ పాయింట్ ఎక్కడ అని. కాలమ్, బీమ్, బ్రేసింగ్ మూడింటి గీతలు ఎక్కడ కలుస్తాయో తెలియకుండా అతడు గసెట్ గీయలేడు. గసెట్ మరీ పెద్దదవుతోంది, వర్క్ పాయింట్‌ను ఫ్లాంజ్ ముఖానికి జరపవచ్చా అని రాసి అడుగుతాడు, దానికి ఇంజనీరు సంతకంతో జవాబు ఇవ్వాలి. ఆ జరుపుడు వల్ల వచ్చే మూమెంటును ఎవరు తీసుకుంటారో అక్కడే తేలుతుంది. మన దేశీ ప్రాజెక్టుల్లో ఈ ప్రశ్న చాలాసార్లు పుట్టదు, షాపులో ఫోర్‌మన్ తన అనుభవం కొద్దీ తేల్చేస్తాడు. అతడి తప్పేమీ లేదు, డ్రాయింగులో అతడికి ఎవరూ ఏమీ చెప్పలేదు.

ప్లేటు తలానికి అడ్డంగా పిన్ కావాలంటే కూడా దారి ఉంది. 1980 దశకంలో మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఆస్తానే-ఆస్ల్, గోయల్, హాన్సన్ చేసిన పరీక్షల నుంచి వచ్చిన నియమం ఒకటి అమెరికా సీస్మిక్ నిబంధనల్లో స్థిరపడింది. బ్రేసింగ్ చివరకూ, గసెట్ వంగే రేఖకూ మధ్య ప్లేటు మందానికి రెట్టింపు ఖాళీ వదిలితే, బ్రేసింగ్ వంగినప్పుడు ప్లేటు ఆ రేఖ వెంట మడత పడి, తెగకుండా తట్టుకుంటుంది. 12 మిల్లీమీటర్ల ప్లేటుకు ఆ ఖాళీ 24 మిల్లీమీటర్లు. నిజమైన పిన్ అంటే ఇది, మనం చేత్తో కొలిచి చూపించగలిగేది. మన షాపుల్లో ఏం జరుగుతుందంటే, ప్లేటు పలుచగా కనిపిస్తోందని బిగువు కోసం గసెట్ అంచు వెంట ఒక స్టిఫెనర్ ముక్క వెల్డు చేస్తారు. మంచి ఉద్దేశంతోనే చేస్తారు. ఆ ముక్కతో మడత రేఖ మూసుకుపోతుంది, మోడల్‌లో ఇచ్చిన రిలీజ్ అక్కడితో రద్దయిపోతుంది.

ఒక్క సందర్భంలో మాత్రం నేను పిన్ ఒక్కదాన్నే నమ్ముకోను. చతురస్రపు ట్యూబులను కాలమ్‌కు నేరుగా చుట్టూ వెల్డు చేసే ఫ్రేముల్లో మెంబరు పొట్టిగా, లావుగా ఉంటుంది, చివరి మూమెంటు నిజంగానే పెద్దది. అక్కడ ఫిక్స్‌డ్‌గా ఒకసారి, రిలీజ్‌తో ఒకసారి నడిపి, వెల్డును మొదటి దానికి, యాక్సియల్ బలాన్ని రెంటిలో ఎక్కువ దానికి చూసుకోవడం నా పద్ధతి. కంప్యూటర్‌కు ఇంకో నిమిషం పని పెరుగుతుంది, అంతే.

ఆ యువ ఇంజనీరుకు నేను రాసి పంపిన వ్యాఖ్యల్లో ట్రస్సా, రిలీజా అన్న మాటకు ఒకే వాక్యం కేటాయించాను. మిగతా పేజీ అంతా అడిగినవి ఇవి: ప్రతి రకం బ్రేసింగ్ జాయింటుకూ చేత్తో గీసిన ఒక స్కెచ్, దాని మీద వర్క్ పాయింట్, బ్రేసింగ్ తలం కాలమ్ నడి గీతకు ఎంత దూరమో మిల్లీమీటర్లలో, పైకి లేచే పునాది దగ్గర షియర్ ఎంతో విడిగా, గసెట్ డ్రాయింగు మీద "ఈ గీతకు ఇవతల వెల్డు గానీ స్టిఫెనర్ గానీ వేయరాదు" అన్న నోటు. స్కెచ్‌లు నాలుగు రోజులకు వచ్చాయి. మోడల్‌లో రిలీజ్‌లు అలాగే ఉన్నాయి, యాంకర్ బోల్టులు మాత్రం 20 నుంచి 24 మిల్లీమీటర్లకు మారాయి.